ఆకాశం ఉండాల్సిన చోట

"బాత్రూం ముందుండే మ్యాటు ఇక్కడికెందుకొచ్చింది?" అని నేనంటే, "నేనే వేశాను" అన్నారాయన, అదేదో పెద్ద ఘనకార్యం అయినట్టు. ఎందుకు వేశారంటే బాగుంటుందని. మా కాపురంలో ఏ వస్తువు ఎక్కడుంటే బాగుంటుందో ఆయన చెప్పగా నేనెప్పుడూ వినలేదు. మంచినీళ్ళ గ్లాసు పరుపు మీద పెట్టి, అది ఒలికిపోయాక గ్లాసుని తిట్టే మనిషి. "అది తడికాళ్ళ మ్యాటండీ, గుమ్మంలో వేసేది వేరే ఉంది" అన్నాను. "మ్యాటు మ్యాటే" అన్నారు. "అయితే మీ తువ్వాలుతో గిన్నెలు తుడుస్తాను, గుడ్డ గుడ్డే కదా" అన్నాను. సెలవురోజు పొద్దున్న, ఎండ కూడా ఇంకా సరిగా లోపలికి రాకముందే, ఇంత చిన్న సంగతికి ఇద్దరి గొంతులూ పైకి లేచాయి. వెనకగదిలోంచి అత్తయ్య, "మీ మ్యాటు సంగతి తరవాత తేల్చుకుందురుగానీ, ముందు నన్ను ఇవతలికి లాగండర్రా, నా చక్రం దానికి తట్టుకుని కూర్చుంది" అంది. ఆయన వెళ్ళి చక్రాల కుర్చీ ముందుభాగం కాస్త ఎత్తి ఆవిణ్ణి ఇవతలికి తెచ్చారు. తెచ్చి, మ్యాటుని మళ్ళీ సరిగ్గా అక్కడే పరిచి, నా మొహం చూడకుండా, కాగితాల నకళ్ళు తీయించుకొస్తానని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఎందుకు వేశారో నాకు తెలుసు. తెలిసీ అడిగాను. పాత ఇల్లూ కొత్త గదీ కలిసే ఆ గుమ్మంలో, గచ్చు మీద వెంట్రుకంత పగులు అడ్డంగా పోతుంది. ప్రతి ఏడూ తెల్ల సిమెంటు పూస్తాను, ప్రతి ఏడూ వానలు వెళ్ళేసరికి అది మళ్ళీ నోరు తెరుస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు కొనేవాళ్ళొస్తున్నారు, ఆ డాక్టరమ్మాయీ ఆమె భర్తా, వెంట బ్రోకరు. ఈ రోజు అగ్రిమెంటు మీద సంతకాలు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా ఇంతకంటే మంచి ఉపాయం తడుతుంది. ఆ పగులు చూసి వాళ్ళేం కనిపెడతారు, పగుళ్ళు లేని ఇల్లుంటుందా లోకంలో. గుమ్మడికాయల దొంగ అన్నదెవరు, ఈయన భుజాలు తడుముకున్నదెందుకు. బీన్స్ తుంచడం మొదలుపెట్టాను. లేతవి, ఇటు చివర అటు చివర గిల్లి, నార లాగి, ఒకే పొడవున తుంచితేగానీ నాకు తృప్తి ఉండదు. మా అమ్మాయి ఏడిపిస్తుంది, స్కేలు తెచ్చివ్వనా అమ్మా అని. పెళ్ళిపత్రికల్లో అచ్చుతప్పులుంటే పెన్సిలుతో దిద్ది కానీ బీరువాలో పెట్టను, అదొక పిచ్చి. అలాంటిదాని చేతికి మొన్న బ్రోకరు అగ్రిమెంటు ఇచ్చి, "చదవక్కర్లేదమ్మా, అన్నీ మామూలే" అన్నాడు. చదవక్కర్లేదు అన్నాక చదవకుండా ఎలా ఉంటాను.

మూడో పేజీలో ఉంది ఆ వాక్యం. ఇంటి యజమానురాలినైన నేను, ఈ ఇంటి కట్టడం మొత్తం మంజూరైన ప్లాను ప్రకారమే ఉన్నదనీ, దానికి మించి ఎటువంటి నిర్మాణమూ లేదనీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. నేను. ఇల్లు నా పేరున ఉంది కాబట్టి నేను. కొన్నప్పుడు ఆయనకి అప్పటికే ఆఫీసులో ఒక అప్పుంటే, రెండోది ఇవ్వడం కుదరదన్నారని నా పేరున రాయించారు. అప్పట్లో నాకదొక నగలాగా ఉండేది, ఎవరికీ కనపడని నగ, కరెంటు బిల్లు మీద నా పేరు చూసుకుని మడిచి దాచుకునేదాన్ని. ఆ వాక్యం కింద గీత గీసి బ్రోకరుకి చూపిస్తే, "అది అన్నిట్లోనూ ఉండేదేనమ్మా, సంతకం పెట్టేశారనుకోండి, అయిపోయిందనుకోండి" అన్నాడు. ఆ బ్రోకరు ప్రతి మాటకీ అనుకోండి తగిలిస్తాడు. కొనేవాళ్ళు వచ్చేశారనుకోండి, నచ్చేసిందనుకోండి, డబ్బు చేతికొచ్చేసిందనుకోండి. అత్తయ్య ఆయనకి అనుకోండిగారు అని పేరు పెట్టింది. నిజంగా ఏదీ జరగనక్కర్లేదు ఆయనకి, అనుకుంటే చాలు. రాత్రి పక్క మీద మా వారూ అదే పాట వేరే రాగంలో పాడారు. ఈ వీధిలో ప్లాను ప్రకారం ఉన్న ఇల్లొకటి చూపించు, ఎదురింటివాళ్ళ బాల్కనీ రోడ్డు మీదికి లేదూ, మూలింటాయన కారు షెడ్డులో కొడుకు కాపురం లేదూ, మనమొక్కళ్ళమే దొరికామా నీతికి. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టని ఆయన లెక్క. మాట్లాడకపోవడమంటే మాట్లాడకపోవడమేనని ఇన్నేళ్ళయినా ఎక్కలేదు బుర్రకి.

ఆ గది పుట్టుక అందరికీ తెలిసిందే, అందరం కలిసి చేసిందే. అత్తయ్య మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటిదాకా ఆవిడ గది మేడ మీద, ఎండా గాలీ బాగా వస్తాయని. ఆపరేషనయ్యాక ఇక మెట్లెక్కడం కుదరదన్నారు. కిందున్నది హాలూ వంటిల్లూ మా పడకగదీ, దాని గుమ్మంలో చక్రాల కుర్చీ పట్టదు. హాల్లో మంచం వేశాం. వచ్చేపోయేవాళ్ళ మధ్య బట్టలు మార్చుకోవాల్సొచ్చినప్పుడు ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కునేది, తాను ఎవరినీ చూడకపోతే తననీ ఎవరూ చూడనట్టు. ఒకరోజు గ్యాసతను సిలిండరు భుజాన పెట్టుకుని వచ్చి, అలా దుప్పటి కప్పుకున్న మనిషిని చూసి చెప్పులు విప్పి తల వంచుకుని నిలబడ్డాడు, పాపం, పోయిందనుకుని. ఆవిడ దుప్పటి తీసి, "సిలిండరు దింపు నాయనా, నాకింకా టైముంది" అంది. అందరం నవ్వాం. ఆ సాయంత్రమే వెనకాల గది వెయ్యాలని తీర్మానించాం. వెనక జాగాలో బట్టలుతుక్కోవడానికి ఒక చిన్న షెడ్డుకి మాత్రమే అనుమతి ఉంది, అడుగున్నర గోడ, పైన రేకులు. మా ఆడపడుచు భర్త, మా వారికి బావగారు, ప్లాన్లు గీసే ఉద్యోగం చేసేవారు. బావగారు వచ్చి చూసి, చేతులు నడుముకి పెట్టుకుని, "అడిగితే ఇవ్వరు, కట్టాక అడుగుదాం" అన్నారు. కట్టిన తీరు కూడా ఆయన బుర్రలోదే. ముందు చుట్టూ రేకుల షెడ్డు వేయించారు, కాస్త పెద్దదే. దాని కడుపులో గది కట్టారు. గుడ్డులో పిల్ల పెరిగినట్టు రేకుల వెనకాల గోడలు లేచాయి, శ్లాబు పడింది, గచ్చు చేశారు, రంగులు కూడా వేశారు. అంతా అయ్యాక ఒకరోజు రేకులు విప్పేస్తే ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నట్టు గది నిలబడి ఉంది. వెనకింటావిడ పిట్టగోడ మీంచి చూసి, "ఇదెప్పుడొచ్చింది?" అంది. "మొన్న వానకి మొలిచింది" అంది అత్తయ్య.

కానీ గది గోడ ఎక్కడిదాకా పోవాలన్నది తేల్చిన సాయంత్రం ఇంకా బాగా గుర్తు. చక్రాల కుర్చీ కొత్తగా వచ్చింది. లోపలికి వెళ్ళగానే సరిపోదు, తిరగాలి, మంచం వైపూ కిటికీ వైపూ, ఎవరినీ పిలవకుండా ఆవిడంతట ఆవిడ తిరగాలి. కాగితం మీద కొలతలు వేస్తే నాకు నమ్మకం కుదరలేదు. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి వెనక జాగాలోకి తీసుకెళ్ళాం. ఆవిడ చక్రం తిప్పుతుంటే నేను వెనకాలే వంగి సుద్దముక్కతో జాడ గీశాను. మా అమ్మాయి అప్పుడు చిన్నది, సుద్దగీత మీద తొక్కుడుబిళ్ళ ఆడింది. నాయనమ్మ రాణీగారిలాగా ఇంకా ఇటు, ఇంకా అటు అంటూ తిరిగింది. బావగారు గీత బయట ఒక అడుగు వేసి "ఇక్కడికి గోడ" అన్నారు. ఆ గోడ లోపలికి, గీతకి కొంచెం ఇవతల, ఇనప మూతతో వీధి వరసకంతటికీ చెందిన మురుగు కాలువ మ్యాన్‌హోల్ ఉంది. ఇన్నిళ్ళ నీళ్ళూ దాని గుండానే పోతాయి. అది చూశాం, చూడలేదని అనను. దాని మీద మందంగా పలక పరిచి గచ్చు చేసేశారు మేస్త్రీలు. "ఎన్నేళ్ళకోసారి తీస్తారులే దాన్ని" అన్నారు బావగారు. అప్పుడు నాకు ఆ మూత కనపడలేదు, కుర్చీ తిరగడమే కనపడింది. ఇప్పుడు అడిగినా అదే గీత గీస్తాను, అందులో నాకు అనుమానం లేదు. బాధ అది కాదు. ఆ గీతని ఇంకొకరికి అమ్మడమే నాకు మింగుడుపడటం లేదు.

కుక్కరు కూసింది. మంట తగ్గించాను. వెనకగదిలోంచి అత్తయ్య లెక్కపెట్టుకుంటున్న గొంతు వినిపిస్తోంది, అంకెలు మధ్యలో తప్పి మళ్ళీ మొదటినుంచి. వానాకాలంలో ఆ గచ్చు కింద గుడగుడమని చప్పుడొస్తుంది, నేల గొణుక్కుంటున్నట్టు. మొదటిసారి విని నేను వణికాను. అత్తయ్య మాత్రం, "మీ మామగారే, కూరలో ఉప్పు చాల్లేదని గొణుగుతున్నారు, పోయినా అలవాటు పోలేదు" అని పక్కకి తిరిగి పడుకుంది. కట్టాక అడుగుదామన్న బావగారి మాట ప్రకారమే తరవాత క్రమబద్ధీకరణకి అర్జీ పెట్టాం. మున్సిపల్ ఆఫీసువాళ్ళు ఔననలేదు, కాదనలేదు. మా వారు వెళ్ళి వెళ్ళి విసిగిపోతే ఒకసారి నేను వెళ్ళాను. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకున్న ఒక ఆఫీసరమ్మ ఫైలు తిరగేసి, కోపం ఏమీ లేకుండా చెప్పింది, "మ్యాన్‌హోల్ మీద కప్పు ఉండకూడదమ్మా. దాని మీద ఆకాశం ఉండాలి. గోడ వెనక్కి జరిపి మూత బయటికి తీయండి, మిగతా గదికి అనుమతి ఇస్తాం. జరపకపోతే ఎప్పుడో వచ్చి మేమే కొడతాం. ఎప్పుడంటే చెప్పలేను." గోడ వెనక్కి జరిగితే కుర్చీ తిరగదు. ఆకాశం ఉండాలి అన్న మాట నాకు ఇంటిదాకా తోడొచ్చింది. బస్సులో కిటికీలోంచి ఎవరి ఇంటి వెనక చూసినా అదే వెతుక్కున్నాను. ఇంటికొచ్చి అత్తయ్య గదిలోకి వెళ్తే ఆవిడ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, నా పిలుపు విని, మళ్ళీ ఇటు తిప్పుకుని, "ఏమన్నారే?" అంది. ఏమీ అనలేదు అత్తయ్యా అన్నాను. అంతే, ఆ అర్జీ అక్కడుంది, గది ఇక్కడుంది.

అమ్మకుండా ఉండగలిగితే ఈ గొడవే లేదు. మా వారి ఆఫీసు ఊరికి అటు చివర కొత్త భవనంలోకి మారింది. ఆయన తెల్లవారకముందే బండి తీస్తారు, చీకటి పడ్డాక వస్తారు, పెరుగన్నం తింటూనే తూగుతారు. పోయిన వానల్లో బండి మీదే కునుకు పట్టి డివైడరుకి గుద్దుకున్నారు. ఆసుపత్రి నుంచి ఎవరో ఫోన్ చేస్తే, నేను వెళ్ళేసరికి కనుబొమ మీద కుట్లు వేయించుకుని కూర్చుని, నన్ను చూసి మొట్టమొదట అన్నమాట, "లంచ్ డబ్బా పోయింది, తిట్టకు." తిట్టలేదు. ఆ కనుబొమ ఇప్పుడు రెండు ముక్కలుగా ఉంది, ఆశ్చర్యపోయినప్పుడు ఒక ముక్కే లేస్తుంది. అప్పటినుంచి బండి చప్పుడు సందు తిరిగేదాకా నేను చేతిలో ఏ పనున్నా ఆపేస్తాను, సాయంత్రాలు నా చెవులు నావి కావు. అందుకని ఆఫీసు పక్కన ఒక ఫ్లాటు చూసుకున్నాం, కింద అంతస్తు, గుమ్మం దగ్గర కుర్చీ ఎక్కడానికి వాలు, తలుపులన్నీ వెడల్పు. ఈ ఇంటికి పూర్తి ధర వస్తేనే ఆ ఫ్లాటు. గది లేని ధర వస్తే ఫ్లాటు లేదు. పోనీ అద్దెకి వెళ్దామా అంటే ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అత్తయ్య సగం జీవితం అద్దె ఇళ్ళలో గడిపింది. రాత్రి తొమ్మిదయితే మీటరు దగ్గర దీపం కట్టేసే ఇంటాయన, మామగారి దగ్గు మేడ మీదికి వినిపిస్తోందని ఖాళీ చెయ్యమన్న ఇంటావిడ, మేకు కొట్టనివ్వని గోడలు. ఎప్పుడైనా బాగా కోపమొస్తే ఆవిడ నన్ను తిట్టే ఆఖరి తిట్టు, "నీకేం తెలుసే, నువ్వు ఎవరి గోడకీ అడిగి మేకు కొట్టలేదు." కొడుకు సొంత ఇల్లు కొన్న రోజున, లోపలికి రాకముందే గుమ్మం పక్కన ఒక మేకు కొట్టించింది. దానికి ఏమీ తగిలించలేదు. ఊరికే. ఆవిణ్ణి మళ్ళీ ఒక ఇంటాయన ముందుకి ఎలా తీసుకెళ్ళను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నాకు పక్కన కూడా ఏదో ఉంది.

ఉల్లిపాయలు తరుగుతున్నాను, కళ్ళు మండుతున్నాయి, మంచిదే, ఎవరైనా చూస్తే సంజాయిషీ అక్కర్లేదు. కొనేవాళ్ళు ఎవరో మొహం తెలియని మనుషులైతే నాకింత బాధ ఉండేది కాదేమో అనిపిస్తుంది. అలా అనిపించడం కూడా బాగులేదు. ఈ అమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుంది, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పడం. రెండోసారి చూడ్డానికి వచ్చినప్పుడు హాలు చూడలేదు, వంటిల్లు చూడలేదు, తిన్నగా వెనకగదికి వెళ్ళి గుమ్మం వెడల్పుని చేతులు చాచి కొలిచి పకపకా నవ్వింది. "ఇంత వెడల్పు తలుపు ఎవరు పెట్టించారు ఆంటీ? నేను తిరగని ఇల్లు లేదు, చక్రాల కుర్చీ పట్టే గుమ్మం ఒక్కటీ దొరకలేదు. ఇక్కడ నా క్లినిక్కు పెట్టుకుంటా." ఇప్పుడు ఏదో ఆసుపత్రిలో జీతానికి చేస్తోందట. భర్త తక్కువ మాట్లాడే మనిషి, ఆమె నవ్వుతుంటే గోడల్ని కాక ఆమెనే చూస్తున్నాడు. ఉన్నదంతా ఊడ్చి ఈ ఇంట్లో పెడుతున్నారని బ్రోకరే చెప్పాడు. వెళ్ళబోతూ ఆ అమ్మాయి అత్తయ్య కాలు చూసి ఆగింది. చున్నీ వెనక్కి ముడేసి గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని చీలమండ పట్టుకుని చూసి, "ఈ కాలు ఇంకా పోలేదు మామ్మగారూ, మీరే దీన్ని పనిలోంచి తీసేశారు" అంది. మడిచిన తువ్వాలు పాదం కింద పెట్టి నొక్కి వదలడం నేర్పింది. "ఫీజెంతమ్మా?" అంది అత్తయ్య. "ఇల్లు కొంచెం తగ్గించి ఇవ్వండి" అంది ఆ అమ్మాయి, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు ఆమె మోకాళ్ళ కింద, ఆ గచ్చు కింద, ఆ మూత ఉంది. ఆ రోజునుంచి అత్తయ్య తువ్వాలు నొక్కుతూనే ఉంది. ఇప్పుడు వినిపిస్తున్న లెక్క అదే.

క్లినిక్కంటే లైసెన్సుకి అర్జీ పెట్టాలి. అర్జీ పెడితే కొలవడానికి మనుషులొస్తారు. వాళ్ళు ఫైలు తీస్తారు, ఫైల్లో మా షెడ్డుంటుంది, మా గది ఉండదు. ఆఫీసరమ్మ చెప్పిన ఆ 'ఎప్పుడో' ఆ అమ్మాయి చేతిమీదుగానే వస్తుంది. కొరివి మేము పట్టుకెళ్ళి ఇస్తే తల ఆమె గోక్కుంటుంది. ఇలా అనుకుంటూ ఉల్లిపాయలు బాణలిలో వేశానో లేదో, ఫోన్ మోగింది. చెయ్యి తుడుచుకుని చూస్తే ఆమే.

"ఆంటీ, భోజనాల టైములో విసిగిస్తున్నానా? ఒక్క చిన్న ప్రశ్న. వెనకగదిలో చేతులు కడుక్కోడానికి సింకు పెట్టాలి, క్లినిక్కుకి తప్పనిసరి. నీళ్ళు పోయే పైపు ఎటు తియ్యాలి? కిటికీ గోడ పక్కన గచ్చు తవ్వితే కాలువ తగులుతుందా? మా మేస్త్రీ అడుగుతున్నాడు."

తగులుతుంది. జానెడు తవ్వితే తగులుతుంది. ఈ ఇంట్లో ఏ గోడలో ఏ పైపు పోతోందో, ఏ కొళాయి ఏ వాల్వు కట్టేస్తే ఆగుతుందో, మేడ మీది నీళ్ళు ఎటు తిరిగి ఎక్కడ కాలువలో పడతాయో, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ప్లంబరు వస్తే ఆయన్ని అడగడు, అమ్మగారూ అని నన్నే పిలుస్తాడు. అటువంటి నేను అన్నాను, "నాకివన్నీ తెలియవమ్మా. ఆయన్ని అడిగి చెప్తాను."

"అయ్యో, పర్లేదాంటీ, వచ్చాక అంకుల్నే అడుగుతాలెండి. మామ్మగారు తువ్వాలు నొక్కుతున్నారా?" అంది. నొక్కుతున్నారన్నాను. ఫోన్ పెట్టేసింది.

స్టవ్ మీద ఉల్లిపాయలు రంగు మారిపోతున్నాయి, నేను కదల్లేదు. నాకివన్నీ తెలియవమ్మా. ఎవరి నోట్లోంచి వచ్చింది ఆ గొంతు. చిన్నపిల్ల గొంతులా ఉంది, బుద్ధిమంతురాలిలా. ఆయన్ని అడిగి చెప్తానన్న మాట కాలేజీ రోజుల్లో మా పిన్ని నోట వింటే నాకు ఒళ్ళు మండేది. పిన్ని బజారుకెళ్ళి రంగు ఎంచుకోవాలన్నా మీ బాబాయిని అడిగి చెప్తానమ్మా అనేది. ఆ మాట వెనక దాక్కోవడం ఎంత సుఖంగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది, ఎండలోంచి వచ్చి చలవగదిలో కూర్చున్నట్టుంది. నాకు తెలియదంటే ఎవరూ తప్పు పట్టరు, ఆడవాళ్ళకేం తెలుస్తుందంటారు. సంతకం పెట్టినా అదే అంటారు, పాపం ఆవిడకేం తెలుసు, పెట్టమంటే పెట్టింది. రేపు గచ్చు తవ్వి, మూత బయటపడి, ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తే, నేను అప్పుడూ అదే అనొచ్చు. ఫోన్ ఎత్తకుండానూ ఉండొచ్చు. ఎక్కడో ఫ్లాటులో కూర్చుని, ఆయన బండి చప్పుడుకి బదులు ఆ ఫోన్ మోగుతుందేమోనని చెవులు అప్పగించి. ఆ అమ్మాయి నన్ను తిట్టను కూడా తిట్టదు, అంకుల్ మోసం చేశారు, ఆంటీకి తెలియదు పాపం అనుకుంటుంది. తిట్టినా భరిస్తానేమో, నాకు ఏమీ తెలియదని ఆమె నమ్మడం భరించలేను. ఉల్లిపాయలు మాడాయి. ఆ మాడినవి తీసి పారబోసి, మళ్ళీ కొత్తవి తరిగాను.

మరి ఆయన కనుబొమ. మరి ఆ బండి. ఇక్కడే తిరుగుతూ వచ్చాను పొద్దుటినుంచి, గానుగెద్దులాగా, అమ్మితే ఫ్లాటు, ఫ్లాటుంటే బండి లేదు, అబద్ధమాడితే అమ్మడం, కాబట్టి అబద్ధమాడితే బండి లేదు. ఎవరు కట్టారు ఈ రెంటినీ ఒక తాడుకి. బండి ఆగడానికి కావాల్సింది ఆయన ఆఫీసు దగ్గర ఒక కప్పు, అది మనదే కావాలని ఎవరన్నారు. మనదే కావాలన్నది అత్తయ్య మేకు. ఆవిడ మేకు కోసం ఆ అమ్మాయి నెత్తిన శ్లాబు. ఛ, ఇలా అనుకోకూడదు, ఆవిడేం అడగలేదు, ఎవరూ ఆవిణ్ణి అడగనూ లేదు. వేసిన పోపు చిటపటమంది. బీన్స్ వేసి మూత పెట్టాను. కిటికీలోంచి చూస్తే పిట్టగోడ మీద పక్కింటి పిల్లి ఒళ్ళు విరుచుకుంటోంది. ఎంత తేలిగ్గా ఉందో దాని వీపు. నా వీపు మాత్రం ఎవరో వెనక నిలబడి చూస్తున్నట్టు బిగుసుకుపోయింది. ఎవరూ లేరు. మా అమ్మాయి వచ్చి ప్లేట్లు తీసుకెళ్తూ, "ఏంటమ్మా మాడు వాసన? నీ వంటలోనా?" అంది, గ్రహణం పట్టిందా అన్నట్టు. "అవును, నా వంటలోనే" అన్నాను.

ఆయన వచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు, మ్యాటు లేని బాత్రూం ముందు తడి అడుగులు వేసుకుంటూ వచ్చి కూర్చున్నారు. అత్తయ్య కుర్చీని మా అమ్మాయి బల్ల దగ్గరికి తోసింది. అన్నాలు వడ్డించాను. ఆయన మాట కలపడానికి, "బీన్స్ బాగున్నాయి" అన్నారు. ఇంకా నోట్లో పెట్టుకోలేదు.

"ఆ అమ్మాయి ఫోన్ చేసింది" అన్నాను.

ఒక కనుబొమ ముక్క లేచింది. "రావట్లేదా?"

"వస్తోంది. వెనకగదిలో గచ్చు తవ్వితే ఏం తగులుతుందని అడిగింది."

"నువ్వేం చెప్పావ్?"

"నాకు తెలియదని చెప్పాను."

"హమ్మయ్య" అని, అనేశాక మా అమ్మాయి తన వంక చూస్తోందని గమనించి, మంచినీళ్ళు తాగారు. "అంటే, నా ఉద్దేశం... వాళ్ళ లాయరు అన్నీ చూసుకున్నాడు. వాళ్ళు అడగలేదు, మనం చెప్పలేదు. అంతేగా."

"ఇప్పుడు అడిగింది కదండీ."

"తల్లీ, ఈ ఒక్క పూట ఓపిక పట్టు."

"రాగానే చెప్పేస్తాను" అన్నాను. నా గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు, గ్లాసు పక్కకి జరిపి మళ్ళీ మొదలుపెట్టాను. "ఎంతవరకు అనుమతి ఉందో, గచ్చు కింద ఏముందో, అర్జీ ఎందుకు ఆగిందో, అన్నీ. ఆ వాక్యం ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టను. విన్నాక కూడా వాళ్ళకి కావాలంటే తగ్గించి ఇద్దాం. వద్దంటే ఇంకొకళ్ళకి ఇదే చెప్పి ఇద్దాం. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. ఫ్లాటు వదిలేసుకుందాం. మీ ఆఫీసు దగ్గర ఇల్లు అద్దెకి తీసుకుని ఈ నెలలోనే వెళ్ళిపోదాం. ఇది అమ్ముడైనా, కాకపోయినా."

అద్దె అన్న మాట బల్ల మీద పడ్డాక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆయన చెయ్యి అన్నంలోనే ఉండిపోయింది. కోప్పడతారనుకున్నాను. కోపం కాదు, భయపడ్డ మనిషిలా తల్లి వంక ఒకసారి చూసి, నా వైపు తిరిగి చాలా మెల్లిగా అన్నారు. "మరి అమ్మనేం చేద్దామనుకుంటున్నావ్?"

"నన్ను అడుగుతున్నావురా, నా గురించి దాన్ని అడుగుతున్నావా?" అంది అత్తయ్య.

అత్తయ్య నా వైపు చూసింది. ఆ చూపు ముందు నేను ఇంతకుముందు చాలాసార్లు కళ్ళు దించుకున్నాను. ఈసారి దించుకోలేదు, దించుకోవాలనిపించింది మాత్రం నిజం.

"నేను రానంటే?" అంది.

"వస్తారు అత్తయ్యా."

"అంత నమ్మకమా?"

"లేదు" అన్నాను. "మీరు రాకపోతే నాకు వేరే దారి లేదు."

ఆవిడ కంచంలో అన్నం ఒక పక్కకి, కూర ఒక పక్కకి నెట్టి, మధ్యలో వేలితో దారి చేసింది. దగ్గబోయి ఆపుకుంది. ఆ తరవాత కొడుకుతో కాదు, నాతోనే అంది. "ఇల్లు మీరు చూసుకోండి. గదులూ కిటికీలూ ఏవైనా నాకొకటే. ఇంటాయన్నీ ఇంటావిణ్ణీ మాత్రం నేను చూడాలి. ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి, నేను సరే అన్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఆ జాతి సంగతి మీకు తెలియదు."